తల్లి ప్రాణం మనందరి అమానతు

ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్ల దూరం. నంద్యాల నుండి కర్నూలుకు మరో 70 కిలోమీటర్ల పైచిలుకు. పగటివేళ బస్సులో కూర్చున్నవారికి ఇదేమంత పెద్ద ప్రయాణం కాదు. ఒకవైపు నల్లమల కొండలు, మరొకవైపు కుందూ పరిసరాల పొలాలు చూస్తుండగానే ఊరు వచ్చేస్తుంది. కాని కాన్పు తరువాత రక్తస్రావం ఆగని తల్లికి ఇదే దారి అంతులేనిదిగా తోస్తుంది. సకాలంలో చికిత్స అందకపోతే తీవ్రమైన రక్తస్రావం దాదాపు రెండు గంటల వ్యవధిలోనే ప్రాణం తీయగలదని వైద్యులు చెబుతారు. ఆళ్ళగడ్డలో ఆగవలసిన రక్తం అక్కడ ఆగకపోతే, నంద్యాలలో ఎక్కించవలసిన రక్తం అక్కడ దొరకకపోతే, కర్నూలు చేరేసరికి ఆ రెండు గంటలు గడిచిపోతాయి.

అటువంటి తల్లి మరణిస్తే మన ఇళ్ళలో వినిపించే మాట ఒకటే. "అల్లాహ్ రాసిపెట్టినది అంతే." విధివ్రాత పట్ల విశ్వాసం మన ఈమాన్‌లో భాగం, అందులో సందేహం లేదు. అయితే ఆ మాటను ఎవరు, ఎప్పుడు పలుకుతున్నారన్నది కూడా చూడాలి. చేయవలసినదంతా చేసి అలసిపోయిన వైద్యుడు పలికితే అది విశ్వాసం. విధులకు రాని ఉద్యోగి, నిర్ణయం తీసుకోకుండా కాలయాపన చేసిన భర్త, డబ్బు కట్టనిదే తలుపు తీయని ఆసుపత్రి యజమాని పలికితే అది తమ బాధ్యతను విధిపైకి నెట్టివేయడం. ఈ తేడాను గుర్తించడమే జవాబుదారీతనానికి తొలిమెట్టు. ఈ వ్యాసంలో మేము ఆ విషయాన్నే పాఠకుల ముందుంచదలచాము.

ఇస్లాం దృష్టిలో జవాబుదారీ

ప్రతి మనిషినీ ఒక కాపరితో పోల్చి, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైన ఈ హదీసు పాలకుడితో మొదలై ఇంటి యజమాని, ఇల్లాలు, సేవకుడి వరకు అందరినీ ఆ పరిధిలోకి తెస్తుంది. కలెక్టరు ఎంత కాపరియో, కాన్పు గదిలోని నర్సు కూడా అంతే కాపరి. గర్భవతి అయిన భార్యకు భర్త కూడా కాపరే.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలపు సంఘటనలు రెండు ఈ సందర్భంలో స్మరించుకోదగినవి. ఒక రాత్రి ఆయన మదీనా వెలుపల గస్తీ తిరుగుతుండగా ఒక గుడారం నుండి స్త్రీ మూలుగు వినిపించింది. బయట కూర్చున్న ఎడారివాసి తన భార్య ప్రసవవేదన పడుతున్నదని, తోడు ఎవరూ లేరని చెప్పాడు. ఉమర్ (రజి) వెంటనే ఇంటికి వెళ్ళి తన సతీమణి ఉమ్మె కుల్సూమ్‌ను వెంటబెట్టుకుని, పిండి, కొవ్వు స్వయంగా మోసుకుని వచ్చారు. ఆమె లోపల మంత్రసాని పని చేస్తుండగా, సువిశాల సామ్రాజ్యాధినేత బయట పొయ్యి ఊదుతూ వంట చేశారు. బిడ్డ పుట్టిన కబురును ఆమె "అమీరుల్ మోమినీన్" అని సంబోధిస్తూ వినిపించినప్పుడే తన పక్కన కూర్చున్నది ఎవరో ఆ ఎడారివాసికి తెలిసింది.

రెండవ సంఘటన ఇంతకన్నా లోతైనది. పాలు మరిచిన బిడ్డలకు మాత్రమే ఖజానా నుండి భృతి ఇవ్వాలని తొలుత నియమం ఉండేది. ఒక రాత్రి ఉమర్ (రజి) ఒక పసిబిడ్డ ఎడతెగని ఏడుపు విని, తల్లిని పలుమార్లు హెచ్చరించారు. చివరికి ఆమె అసలు సంగతి చెప్పింది. ఉమర్ పాలు మాన్పించిన పిల్లలకే భృతి ఇస్తున్నాడు గనుక తాను బిడ్డచేత తొందరగా పాలు మాన్పిస్తున్నానన్నది. ఎదుట ఉన్నది ఉమరేనని ఆమెకు తెలియదు. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఆయన కంఠం దుఃఖంతో పూడుకుపోయింది. తన నియమం వల్ల ఎందరు పసికందులు కడతేరారోనని ఆయన విలపించారు. వెంటనే పుట్టిన నాటి నుండే భృతి ఇస్తామని చాటింపు వేయించి, అన్ని ప్రాంతాలకూ లేఖలు పంపారు.

ఇందులో నాలుగు అంశాలున్నాయి. పాలకుడు ఏడుపు విన్నాడు. కారణం ఏమిటని అడిగాడు. లోపం తన నియమంలోనే ఉన్నదని ఒప్పుకున్నాడు. ఆ నియమాన్ని మార్చి అందరికీ తెలిసేలా ప్రకటించాడు. నేటి ప్రజారోగ్య నిపుణులు జవాబుదారీతనం గురించి ఎన్ని గ్రంథాలు రాసినా సారాంశం ఈ నాలుగు మెట్లే.

వైద్యుడి బాధ్యతను కూడా మన ధర్మం స్పష్టంగానే నిర్ణయించింది. వైద్యం తెలియకుండానే వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యత వహించవలసిందేనన్న ప్రవచనం అబూ దావూద్, నసాయీ గ్రంథాలలో ఉన్నది. హిజ్రీ 319లో, అంటే క్రీ.శ. 931లో, బాగ్దాదులో వైద్యుడి పొరపాటు వల్ల ఒక రోగి మరణించాడన్న వార్త అబ్బాసీ ఖలీఫా ముఖ్తదిర్‌కు చేరింది. ఇకపై పరీక్షలో ఉత్తీర్ణులైనవారే వైద్యం చేయాలని ఆయన ఆజ్ఞాపించి, ఆ పరీక్ష బాధ్యతను ప్రసిద్ధ వైద్యుడు సినాన్ ఇబ్న్ సాబిత్‌కు అప్పగించారు. ఆ నగరంలో 860 మందికి పైగా వైద్యులు పరీక్షకు హాజరయ్యారని చరిత్రకారులు నమోదు చేశారు. ఒక్క రోగి మరణం ఒక మహానగర వైద్య వ్యవస్థనే సంస్కరించింది. మన పల్లెలలో నొప్పులు త్వరగా రావాలని అర్హత లేనివారు ఇంజెక్షన్లు వేసే పద్ధతి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అటువంటి ఇంజెక్షన్ గర్భసంచి చిట్లిపోవడానికి కూడా దారితీయవచ్చు. పై హదీసు వెలుగులో ఆ పని చేసేవారు, చేయించుకునేవారు ఒక్కసారి ఆలోచించాలి.

మూడు ఆలస్యాలు

తల్లుల మరణాలను పరిశోధించిన నిపుణులు సెరీన్ థాడియస్, డెబొరా మేన్ 1994లో ఒక విశ్లేషణ ప్రకటించారు. ప్రసూతి మరణాల వెనుక మూడు ఆలస్యాలు ఉంటాయన్నది వారి ప్రతిపాదన. వైద్యం కోసం బయలుదేరాలన్న నిర్ణయంలో ఆలస్యం మొదటిది. ఆసుపత్రికి చేరుకోవడంలో ఆలస్యం రెండవది. చేరిన తరువాత సరైన చికిత్స అందడంలో ఆలస్యం మూడవది. ఈ మూడింటినీ మన ఆళ్ళగడ్డ, నంద్యాల దారి మీద పెట్టి చూద్దాం.

మొదటి ఆలస్యం మన ఇంటిలోనే ఉన్నది. కాళ్ళవాపు, తలనొప్పి, కళ్ళు మసకబారడం వంటి లక్షణాలు కనిపించినప్పుడు "గర్భిణికి ఇవన్నీ మామూలే" అని అత్తగారు అనవచ్చు. భర్త ఊరిలో లేడని, మహిళా డాక్టరు దొరికేవరకు ఆగుదామని మరొకరు అనవచ్చు. స్త్రీకి స్త్రీ వైద్యురాలు ఉండటం మేలైన మార్గమే. అందుకోసం ప్రభుత్వాన్ని కోరడం కూడా న్యాయమే. కాని ప్రాణం మీదికి వచ్చినప్పుడు పురుష వైద్యుడి చేత చికిత్స చేయించుకోవడానికి షరీఅత్ అనుమతి ఇస్తుందని ఫుఖహాలు స్పష్టం చేశారు. పరదా పేరుతో ప్రాణాన్ని బలిపెట్టడం ధర్మపాలన అనిపించుకోదు.

ఈ ఆలస్యానికి నెలల ముందే పునాది పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రక్తం నిండుగా ఉన్న స్త్రీ తట్టుకోగల స్రావాన్ని రక్తహీన తట్టుకోలేదు. అందరికీ వడ్డించి మిగిలినది తినే ఇల్లాలి పళ్ళెంలోనే ఆ ప్రమాదం మొదలవుతుంది. గర్భవతి పోషణ ఖర్చు పురుషుడి బాధ్యత అని తలాఖ్ సూరా నిర్దేశించింది. విడాకులు పొందిన గర్భవతికే ఈ హక్కు ఉన్నప్పుడు, కాపురం చేస్తున్న భార్యకు లేకుండా పోతుందా? ఎముకలు గట్టిపడని వయసులో ఆడపిల్లలకు పెళ్ళి చేసి, ఏడాది తిరక్కుండానే కాన్పుకు పంపే తండ్రులు కూడా ఈ లెక్కలో తప్పించుకోలేరు.

రెండవ ఆలస్యం దారిలో ఎదురవుతుంది. 108 అంబులెన్సు సేవలు ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. పేదవారికి ఇది గొప్ప వరం. అయినా నల్లమల అంచున రుద్రవరం మండలంలోని పల్లెకు, అడవిలోని చెంచుగూడేలకు వాహనం చేరే సమయం, జాతీయ రహదారి పక్కనున్న ఊరికి చేరే సమయం సమానంగా ఉండవు. చెంచు తల్లి మన మతస్థురాలు కాకపోవచ్చు. కాని ఆమె మన పొరుగు. పొరుగువారి హక్కును దైవప్రవక్త (స) ఎంతగా నొక్కి చెప్పారో మనకు తెలుసు. మన మొహల్లా తల్లి కోసం అడిగే ప్రశ్ననే ఆమె కోసం కూడా అడగాలి.

మూడవ ఆలస్యం ఆసుపత్రి లోపల ఎదురవుతుంది. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఒక సామాజిక ఆరోగ్య కేంద్రాన్ని మొదటి స్థాయి రెఫరల్ ఆసుపత్రిగా గుర్తించాలంటే మూడు సదుపాయాలు తప్పనిసరి. ఇరవై నాలుగు గంటలూ సిజేరియన్‌తో సహా అత్యవసర ప్రసూతి చికిత్స, నవజాత శిశు సంరక్షణ, రక్తనిల్వ కేంద్రం. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఆసుపత్రి చేయగలిగేది ముందుకు పంపడమే. "నంద్యాలకు తీసుకుపొండి" అన్న మాట చికిత్సలో భాగం కావచ్చు. అది బాధ్యతను దులుపుకునే మాట కూడా కావచ్చు. ఏది ఏదో తేల్చే ఉపాయం ఉన్నది. పంపేముందు రక్తస్రావాన్ని అదుపు చేసే మందు ఇచ్చారా? సెలైన్ పెట్టారా? అవతలి ఆసుపత్రికి ఫోను చేసి చెప్పారా? ఏమి చేశారో, ఎందుకు పంపుతున్నారో, ఏ సమయానికి పంపారో కాగితం మీద రాసి ఇచ్చారా? ఇవన్నీ చేసిన ఆసుపత్రి తన వంతు నెరవేర్చినట్లే. ఏదీ చేయని ఆసుపత్రి తల్లిని దారి మీద వదిలినట్లే.

అంకెలు చెప్పేదేమిటి?

న్యాయంగా మాట్లాడాలంటే సాధించిన ప్రగతిని ముందు చెప్పాలి. 2014-16లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష సజీవ జననాలకు 74 మంది తల్లులు మరణించేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య 45కు తగ్గింది. అదే కాలంలో దేశ సగటు 97. రాష్ట్రంలో కాన్పులలో 96 శాతానికి పైగా ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు ప్రారంభమయ్యాయి. కర్నూలు దాకా పోవలసిన అవసరాన్ని తగ్గించే అవకాశం దీనితో ఏర్పడింది. ఆ అవకాశం వాస్తవం కావాలంటే మంజూరైన ప్రతి పోస్టులో మనిషి ఉండాలి, ఆ మనిషి రాత్రిపూట కూడా అందుబాటులో ఉండాలి.

ఇల్లు విడిచి ఆసుపత్రికి వచ్చిన స్త్రీకి అక్కడ మరొక ప్రమాదం పొంచి ఉన్నది. అది చికిత్స అందకపోవడం కాదు, అవసరం లేని చికిత్స. 2019-21 సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది 26.6 శాతం ఉండగా, ప్రైవేటు ఆసుపత్రులలో 63 శాతం. ప్రమాదకరమైన కేసులు అధికంగా చేరేది ప్రభుత్వ పెద్దాసుపత్రులకే. మరి ప్రైవేటులో కత్తి ఇంతగా ఎందుకు అవసరమవుతున్నది? సిజేరియన్ ఎందరో తల్లులను బ్రతికించిన శస్త్రచికిత్స. దానిని మేము నిందించడం లేదు. అవసరమైన చోట అందకపోవడం, అవసరం లేని చోట జరగడం అన్నవి ఒకే జవాబుదారీ లోపానికి రెండు ముఖాలని మాత్రమే మా మనవి.

గర్భసంచి తొలగింపు విషయం మరింత బాధాకరం. 2015-16 సర్వేలో దేశవ్యాప్తంగా 15-49 ఏళ్ళ స్త్రీలలో 3.2 శాతం మందికి ఈ శస్త్రచికిత్స జరిగి ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం. దేశంలో ఈ శస్త్రచికిత్సలలో అత్యధికం ప్రైవేటు ఆసుపత్రులలోనే జరిగాయి. తెల్లబట్టకు, నడుమునొప్పికి సైతం "సంచి తీసేస్తే పోతుంది, లేకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టిన ఉదంతాలు వెలుగులోకి వచ్చిన తరువాత, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ కింద ఈ శస్త్రచికిత్సపై ఆంక్షలు విధించవలసి వచ్చింది. అనవసర తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ముప్పై అయిదేళ్ళకే సంచి తీయించుకున్న స్త్రీకి, అండాశయాలు కూడా తీసివేస్తే, ఎముకల బలహీనత, గుండెజబ్బుల ముప్పు ముందుగానే వస్తాయి. ఈ దేహం మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. అందులోని ఒక అవయవాన్ని తీయించే ముందు మరొక వైద్యురాలి అభిప్రాయం అడగడం ఎంతమాత్రం అమర్యాద కాదు.

ఎవరి అనుమతి?

మన ఇళ్ళలో ఆపరేషన్ కాగితం మీద సంతకం సాధారణంగా భర్తదో, తండ్రిదో. ఆ కాగితంలో ఏముందో ఆ స్త్రీకి తెలియదు. చాలాసార్లు సంతకం చేసినవారికీ తెలియదు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె తల్లి అనుమతి తీసుకుని వైద్యురాలు గర్భసంచి, అండాశయాలు తొలగించింది. ప్రాణాపాయం లేని స్థితిలో, స్పృహలోకి వచ్చి తానే నిర్ణయించుకోగల వయోజన స్త్రీ తరఫున మరొకరి అనుమతి చెల్లదని న్యాయస్థానం తేల్చి చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి శస్త్రచికిత్సకు అనుమతి కాదని కూడా స్పష్టం చేసింది.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. సంతానం మధ్య ఎడం కోసం దైవప్రవక్త (స) కాలంలో సహచరులు అజ్‌ల్ పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం తెలుపుతుంది. దానికి కూడా భార్య అంగీకారం అవసరమని ఎందరో ఫుఖహాలు అభిప్రాయపడ్డారు. దాంపత్యంలోనే ఆమె అనుమతికి అంత విలువ ఉంటే, ఆపరేషన్ బల్ల మీద లేకుండా పోతుందా? మన రాష్ట్రంలో వివాహితులలో సుమారు 70 శాతం స్త్రీలు శాశ్వత శస్త్రచికిత్స చేయించుకున్నవారే. పురుషుల వాటా ఒక శాతం కూడా లేదు. అవసరం లేనిదే శాశ్వత పద్ధతి తగదని అత్యధిక ఉలమా అభిప్రాయం. తాత్కాలిక పద్ధతుల గురించి అడిగిన ముస్లిం స్త్రీకి ఓపికగా వివరించడం ఆరోగ్య కేంద్రం విధి. అది ఆమె పట్ల చూపే దయ కాదు, ఆమె హక్కు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో 2014 నవంబర్‌లో జరిగిన విషాదాన్ని దేశం మరువరాదు. ఒకే శిబిరంలో కొన్ని గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. పదిమందికి పైగా మరణించారు. 2016 సెప్టెంబర్ 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలకు స్వస్తి పలకాలని, లక్ష్యాల పేరిట ఒత్తిడి ఉండరాదని ఆదేశించింది.

చట్టం మన చేతికిచ్చిన సాధనాలు

2010 జూన్ 4న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఎస్. మురళీధర్ ఇచ్చిన తీర్పు ప్రతి ముస్లిం కుటుంబం తెలుసుకోదగినది. ఆ కేసులోని ఇద్దరు స్త్రీలలో ఒకరు నీడలేని పేద ముస్లిం యువతి. ప్రసూతి కేంద్రంలో ఆదరణ దొరకక ఆమె చెట్టు కింద బిడ్డను కన్నది. మరొకరు ఆసుపత్రుల మధ్య తిరిగి తిరిగి చివరికి ప్రాణాలు కోల్పోయిన తల్లి. ప్రసూతి సమయంలో ఆరోగ్య రక్షణ రాజ్యాంగం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం ప్రకటించి, ఇరు కుటుంబాలకూ నష్టపరిహారం ఇప్పించింది. ఆ పేదరాలి తరఫున కోర్టు మెట్లెక్కినది ఆమె తల్లి. చదువు, ధనం, ఇల్లు ఏవీ లేని ఒక ముస్లిం తల్లి అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పవలసి వచ్చింది.

మనకు అందుబాటులో ఉన్న మార్గాలను క్లుప్తంగా చెప్పుకుందాం.

2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, ఇంటి నుండి ఆసుపత్రికి, అక్కడి నుండి ఇంటికి ప్రయాణం అన్నీ ఉచితం. "బిడ్డ పుట్టిన సంతోషానికి" అంటూ అడిగే డబ్బు మామూలు కాదు, లంచం. ఇచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరూ ప్రవక్త (స) శాపానికి గురైనవారి కోవలో చేరతారన్న హెచ్చరిక మరువరాదు.

ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు వైద్యాధికారులు ప్రత్యేక పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుండి అమలులో ఉన్నది. ప్రమాదకర గర్భాన్ని ముందే గుర్తించడం దీని ఉద్దేశం. కాన్పు గదిలో ఒక బంధువురాలు తోడు ఉండేందుకు కూడా 2016లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. తెలుగు సరిగా రాని, ఇంటిలో ఉర్దూ మాట్లాడే మన చెల్లెళ్ళకు ఈ తోడు ఎంత ధైర్యమో వేరే చెప్పనక్కరలేదు.

వైద్య రికార్డులు కోరితే 72 గంటలలో ఇవ్వాలని వైద్యమండలి నిబంధనలు చెబుతున్నాయి. ప్రైవేటు ఆసుపత్రులు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద నమోదు చేసుకుని ఉండాలి. డబ్బు తీసుకుని చేసిన వైద్యంలో లోపం జరిగితే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆసుపత్రిలో ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, రక్తనిల్వ కేంద్రం ఎన్ని రోజులు పనిచేసింది, గత ఏడాది ఎందరు గర్భిణులను పైకి పంపారు అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం మీద అడగవచ్చు. 30 రోజులలో జవాబు రావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, మనవారికి అంతగా తెలియనిది ప్రసూతి మరణాల సమీక్ష. తల్లి మరణించిన ప్రతి సందర్భంలో ఇంటికి వచ్చి వివరాలు సేకరించాలి. ఆసుపత్రి స్థాయిలోనూ, జిల్లా స్థాయిలోనూ సమీక్ష జరగాలి. కలెక్టరు నిర్వహించే సమీక్షకు మృతురాలి కుటుంబీకులను పిలిచి వారి మాట వినాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరినో శిక్షించడం దీని లక్ష్యం కాదు. ఎక్కడ ఆలస్యం జరిగిందో కనుగొని మరొక తల్లికి అది జరగకుండా చూడడం దీని లక్ష్యం. పసిబిడ్డ ఏడుపు విని ఉమర్ (రజి) చేసిన పని ఇదే. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఈ సమావేశంలో నోరు విప్పడం కష్టమే. కాని ఆ మాట మరొకరి ఇల్లు నిలబెట్టగలదు.

కోపం వేరు, నిలదీయడం వేరు

తల్లి మరణించగానే బంధువులు ఆసుపత్రి అద్దాలు పగులగొట్టడం, నర్సును దూషించడం పత్రికలలో తరచుగా చూస్తున్నాము. ఇది ఇస్లామీయ నీతికి విరుద్ధం. 2008 రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కూడా. పైగా దీనివల్ల అసలు బాధ్యులు తప్పించుకుంటారు. ఖాళీగా ఉన్న డాక్టరు పోస్టుకు ఒంటరిగా రాత్రి విధులు చేస్తున్న నర్సు కారకురాలు కాదు. రాని రక్తానికి ఆశా కార్యకర్త కారకురాలు కాదు. క్రింది ఉద్యోగిని కొట్టి, పై అధికారికి దండం పెట్టే సమాజం ఎన్నటికీ జవాబు రాబట్టలేదు. ఖుర్ఆన్ మనలను ఆదేశించినది న్యాయంపై స్థిరంగా నిలవమని. పగ మనలను అన్యాయానికి పురికొల్పరాదని కూడా అది హెచ్చరించింది. తేదీ, సమయం, రాతపూర్వక ఫిర్యాదు, సాక్షి, ఓపిక - ఇవే న్యాయం కోరేవాని ఆయుధాలు.

మస్జిదు కమిటీలకు మా మనవి

నంద్యాల, ఆళ్ళగడ్డలలో మస్జిదులకు, మదరసాలకు, యువజన సంఘాలకు కొదువ లేదు. రంజాన్‌లో ఇఫ్తారుకు కదిలే చేతులు ఈ పనికి కూడా కదలాలి. మొహల్లాలో నెలలు నిండిన గర్భవతులు ఎవరో తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్ద స్త్రీలు ఒక బృందంగా ఏర్పడవచ్చు. ఏ గ్రూపు రక్తం ఎవరికి ఉందో యువకుల జాబితా ఒకటి మస్జిదులో ఉండవచ్చు. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఆటో, కారు యజమానుల ఫోను నంబర్లు గోడ మీద రాయవచ్చు. జుమా ప్రసంగాలలో ఏడాదికి ఒకసారైనా ప్రసూతి రక్షణను అంశంగా తీసుకోవచ్చు. చదువుకున్న యువతీయువకులు ఆరు నెలలకు ఒకసారి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, వచ్చిన జవాబును ఆసుపత్రి అభివృద్ధి సంఘం ముందు, సోమవారం కలెక్టరేట్ ఫిర్యాదుల వేదిక ముందు ఉంచవచ్చు. మన అమ్మాయిలను నర్సింగ్, వైద్య విద్యలకు పంపడం దీర్ఘకాలిక పరిష్కారం. మహిళా వైద్యురాలు కావాలని కోరుకునే సమాజమే ఆమెను తయారు చేయడానికి కూడా ముందుకు రావాలి.

ఖుర్ఆన్‌లో హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) ప్రసవవేదన ప్రస్తావన ఉన్నది. ఖర్జూరపు చెట్టు మొదలును ఆనుకుని ఆమె పడిన బాధను, నిస్సహాయతను అల్లాహ్ దాచలేదు. ఆ స్థితిలో ఆమెకు అందినవి నీరు, ఆహారం, ఓదార్పు. దైవమే స్వయంగా ఏర్పాటు చేసిన ఆ మూడింటినీ ప్రతి తల్లికీ ఏర్పాటు చేసే బాధ్యత నేడు మనపై ఉన్నది.

కాన్పులో మరణించిన విశ్వాసురాలికి షహీద్ స్థానం లభిస్తుందని హదీసు తెలుపుతున్నది. అది అల్లాహ్ ఆమెకు ప్రసాదించిన గౌరవం. ఆమెను కోల్పోయినవారికి ఓదార్పు. నిర్లక్ష్యం చేసినవారికి అది క్షమాపత్రం కానేకాదు. షహీద్ తన ప్రభువు సన్నిధికి చేరినప్పుడు, ఆ రాత్రి ఇంటిలో ఎవరు ఆలస్యం చేశారు, దారిలో ఎవరు రాలేదు, ఆసుపత్రిలో ఎవరు తలుపు తీయలేదు అన్న లెక్క అక్కడ తెరవబడుతుంది. ఆ లెక్కను ఇక్కడే, ఈ లోకంలోనే, సరిదిద్దుకునే వ్యవధి మనకింకా ఉన్నది. ఆ పనికి పూనుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.